ఉప్పు చల్లితే కేసా, చల్లకపోతే కేసా?

“అన్నా, షాపు ముందు మంచు కరగడానికి ఉప్పు చల్లొద్దంటున్నాడు బిల్డింగ్ ఓనరు. మనం ముట్టుకోనంత వరకూ అది దేవుడు కురిపించిన మంచేనట. ముట్టుకుంటే మాత్రం మన మెడకు చుట్టుకుంటుందట. నిజమేనా?”

న్యూజెర్సీలో ఇండియన్ గ్రాసరీ పెట్టిన ఓ గుంటూరు కుర్రాడు తన మొదటి చలికాలంలో నన్నడిగిన ప్రశ్న ఇది. నాది చిన్న వ్యాపారాల ఇన్సూరెన్స్ పాలసీలు చూసే పని. లాయర్ని కాను గానీ, పార్కింగ్ లాట్లలో జారిపడ్డవాళ్ల క్లెయిము ఫైళ్లు ఏటా నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటాయి. ఈ ప్రశ్న కూడా ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. గ్యాస్ స్టేషన్ నడిపేవాళ్లు, మోటెల్ కొన్నవాళ్లు, స్ట్రిప్ మాల్‌లో బిర్యానీ హోటల్ తెరిచినవాళ్లు, అందరి టెన్షనూ ఒకటే. ఆ కుర్రాడికి ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేద్దామనుకున్నాను. గంట పట్టింది.

ముందు మాట దగ్గరే ఓ చిక్కుంది. మనకు సంక్రాంతి పొద్దున గడ్డి మీద మెరిసేదీ మంచే, లంబసింగిని కమ్మేసేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. అమెరికాలో ఈ గొడవంతా రెండు వేర్వేరు వస్తువుల చుట్టూ తిరుగుతుంది. దూదిలా రాలేది స్నో. నేల మీద నీళ్లు గడ్డకట్టి అద్దంలా మారేది ఐస్. స్నో కళ్లకు కనిపిస్తుంది కాబట్టి అడుగు ఆచితూచి వేస్తాం. ఐస్ పొర పల్చగా ఉంటే కింది తారు నల్లగా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే దాన్ని బ్లాక్ ఐస్ అంటారు. తడి నేలే అనుకుని కాలు పెడతాం. నా ఫైళ్లలో విరిగిన మణికట్లు, తుంటి ఎముకలు ఎక్కువగా దీని పుణ్యమే.

ఇక ఓనరు మాట. ఆయన చెప్పింది ఒట్టి పుకారు కాదు. ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో అది దాదాపు చట్టమే. దానికి మసాచుసెట్స్ రూల్ అని పేరు కూడా ఉండేది. ఆకాశం నుంచి పడి, పడ్డచోటే పేరుకున్న మంచుకు స్థలం ఓనరు జవాబుదారీ కాదు. ఎవరైనా జారిపడితే అది వాళ్ల ఖర్మ. అదే ఓనరు చేతి పనివల్లో, కట్టడంలో లోపంవల్లో మంచు ‘అసహజంగా’ పేరుకుంటే అప్పుడు బాధ్యత అతనిది. పైకప్పు నీళ్లు దింపే గొట్టం నడిచే దారి మీదకి పోసి, ఆ నీళ్లు రాత్రికి గడ్డకట్టడం ఇలాంటిదే. ఈ లెక్క ప్రకారం పార పట్టుకున్నవాడి కంటే చేతులు కట్టుకు కూర్చున్నవాడే సేఫ్. లాయర్లు అప్పట్లో క్లయింట్లకు ఆ సలహానే ఇచ్చారు. చట్టం మారినా సలహా మాత్రం నోటి నుంచి నోటికి పాకుతూ మన గుంటూరు కుర్రాడి దాకా వచ్చింది.

ఆ రూల్ పుట్టింట్లోనే ఎలా పోయిందో చూడాలి. 2002 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని డాన్వర్స్ ఊళ్లో, లిబర్టీ ట్రీ మాల్ దగ్గరున్న టార్గెట్ స్టోర్ పార్కింగ్‌లో ఒకాయన ఐస్ ముక్క మీద కాలేసి పడ్డాడు. లాట్ చాలావరకు శుభ్రంగానే ఉంది. ప్లో బండి తోసిన మంచు మాత్రం మధ్యలో ఉన్న సన్నటి డివైడర్ మీద కుప్పగా ఉంది. ఆయన్ని పడేసిన ఐస్ ఆ కుప్ప నుంచి జారిపడిన గడ్డ అయినా కావచ్చు, కుప్ప కరిగి కారిన నీళ్లు మళ్లీ గడ్డకట్టినవైనా కావచ్చు. అది సహజమా, అసహజమా అన్నదే కోర్టులో ప్రశ్న అయ్యింది. కింది కోర్టులు సహజమేనని దావా కొట్టేశాయి. ప్లో బండి తోసి పేర్చిన కుప్ప నుంచి వచ్చిన ఐస్ సహజమైనదట! 2010 జులైలో మసాచుసెట్స్ అత్యున్నత కోర్టు ఈ తర్కాన్నే అవతల పారేసింది. వందేళ్లకు పైగా నడిచిన తేడాను రద్దుచేసి, మంచైనా, నేల మీద ఒలికిన నూనె అయినా ఓనరు పడాల్సిన శ్రద్ధ ఒకటేనని చెప్పింది. ఆ చోటికి ఎంతమంది వస్తారు, ప్రమాదం ఎంత పెద్దది, తీయడానికి ఎంత ఖర్చూ శ్రమా అవుతాయి అన్నవి చూసి ఆ శ్రద్ధను తూచాలి. కాబట్టి సొంత ఇంటివాడి నుంచి ఆశించేదీ, పెద్ద దుకాణం నుంచో వృద్ధాశ్రమం నుంచో ఆశించేదీ ఒకటే కాదు.

పక్కనున్న కనెక్టికట్ 1925లోనే ఇలాంటి దారి పట్టింది. లా పుస్తకాల్లో దీన్ని కనెక్టికట్ రూల్ అనే అంటారు. ఇప్పుడు మసాచుసెట్స్‌లో నడిచేదీ కనెక్టికట్ రూలే!

అయితే దేశమంతా ఒక్కసారి మారిపోలేదు. అదే 2010లో ఇలినాయ్ సుప్రీంకోర్టు, చికాగో రైలు ప్లాట్‌ఫాం మీద జారిపడ్డ ప్రయాణికురాలి కేసులో పాత రూలే సరైనదని మళ్లీ తేల్చింది. షామ్‌బర్గ్, నేపర్‌విల్ వైపు మనవాళ్ల షాపులకు ఇప్పటికీ ఇదే లెక్క. విచిత్రంగా 2010లోనే టెక్సస్ సుప్రీంకోర్టు ముందుకీ ఇలాంటి కేసు వచ్చింది. టెంపుల్ పట్టణంలో ఓ ఆసుపత్రికి వచ్చిన జంటలో ఒకరు, తిరిగి కారు దగ్గరికి వెళ్తూ ఐస్ మీద పడ్డారు. అంతకు కొన్నేళ్ల ముందు ఆ కోర్టు, వర్షానికి ఏర్పడే బురదను అసమంజసమైన ప్రమాదం అనలేమని తీర్పిచ్చింది. నేలా వానా ఉన్నచోట బురద ఉంటుంది, దానికి ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఐసూ అలాంటిదేనంది కోర్టు. మూడు నాలుగేళ్లకోసారి వచ్చే ఐస్ తుపానుకి టెక్సస్‌లో ప్రతి దుకాణం దగ్గరా ఉప్పూ పారలూ మనుషులూ సిద్ధంగా ఉండాలనడం న్యాయం కాదన్నది ఆ తీర్పు వెనక ఆలోచనగా నాకు అర్థమైంది.

మన కుర్రాడి ప్రశ్నకు సూటి జవాబు ఆ టెక్సస్ తీర్పులోనే దొరుకుతుంది. ఉప్పు చల్లినా, పారతో లాగినా, మంచు కరిగించే మందు పోసినా, సహజంగా ఏర్పడ్డ ఐస్ అసహజమైపోదని కోర్టు అంది. అలా అంటే వచ్చేవాళ్ల మేలు కోరి కష్టపడ్డవాడికే శిక్ష వేసినట్టవుతుందని వివరించింది. ఓనర్ల పక్షాన అంత గట్టిగా నిలబడే రాష్ట్రంలోనే ఉప్పు చల్లడం నేరం కాదని తేలింది. మిగతాచోట్ల చల్లకపోవడమే తప్పయ్యే అవకాశం ఎక్కువ.

న్యూజెర్సీలో సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. వ్యాపార భవనం ముందున్న ఫుట్‌పాత్ బాధ్యత ఆ ఓనర్లదేనని 1981లోనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. రెండేళ్లకు మంచుకూ ఇది వర్తిస్తుందంది. సొంత పార్కింగ్ లాట్ సంగతి చెప్పక్కర్లేదు. అలాగని కురుస్తున్న మంచులో నిలబడి తోడుతూ ఉండాలా? 2021లో అదే కోర్టు అక్కర్లేదంది. తుపాను నడుస్తున్నంతసేపూ తీయాల్సిన పనిలేదు, అది ఆగాక సమంజసమైన వ్యవధిలో తీస్తే చాలు. న్యూయార్క్‌లో ఈ సూత్రం ఎప్పటినుంచో ఉంది.

అయితే న్యూజెర్సీ కోర్టు రెండు మినహాయింపులు పెట్టింది. ఒకటి, ఈ తుపానుకు ముందే అక్కడ పాత ఐస్ ఉంటే, కొత్తగా కురుస్తున్న మంచు సాకు దానికి పనికిరాదు. రెండోది మన చర్చకు ప్రాణం: ఓనరు చేసిన పనివల్ల ప్రమాదం మామూలు కంటే పెరిగితే రక్షణ పోతుంది. బిల్డింగ్ ఓనరు భయమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. ఆయన ‘పెరిగితే’ అన్న మాట వదిలేసి ‘ముట్టుకుంటే’ అని చదువుకున్నాడు. 

ఈ ‘సమంజసమైన వ్యవధి’ అంటే ఎన్ని గంటలు? కోర్టులు అంకె చెప్పవు, జ్యూరీకి వదిలేస్తాయి. నగరాలు మాత్రం ఫుట్‌పాత్‌లకు గడియారం పెట్టాయి. న్యూయార్క్ నగరంలో మంచు పొద్దున 7 నుంచి సాయంత్రం 5 లోపు ఆగితే 4 గంటల్లో తీయాలి. సాయంత్రం 5 నుంచి రాత్రి 9 మధ్య ఆగితే 14 గంటలు. అర్ధరాత్రి ఆగితే పొద్దున 11 దాకా టైముంది. ఇవి జరిమానాకు సంబంధించిన రూల్స్. జరిమానా కట్టినవాడు నష్టపరిహారం కూడా కట్టాలనేమీ లేదు, జరిమానా తప్పించుకున్నంత మాత్రాన పరిహారమూ తప్పిపోతుందనీ లేదు. ఈ రెంటినీ కలిపేయడం వల్ల పుట్టే గందరగోళం అంతా ఇంతా కాదు.

పెన్సిల్వేనియాది ఇంకో దారి. అక్కడి సూత్రం పేరును తెలుగులో పెడితే ‘గుట్టలూ గట్లూ’ అవుతుంది. ఊరంతా జారుడుగా ఉన్న రోజున, మంచు గుట్టలుగా గట్లుగా పేరుకుని నడకకు అడ్డమై, ఆ సంగతి ఓనరుకు తెలిసీ తీయకపోతేనే బాధ్యత. ఊరంతా పొడిగా ఉండి ఒక్కచోట మాత్రమే ఐస్ పొర ఉంటే ఈ రక్షణ వర్తించదు. పారిన నీళ్లు ఎక్కడివి అన్న ప్రశ్న మళ్లీ ముందుకొస్తుంది.

ఇన్ని సూత్రాలున్నా, నిజమైన కేసులు చాలావరకు ఒకే చోటికి చేరతాయి. ఆ చోటు చూపించడానికి కుర్రాడి షాపుకే తీసుకెళ్తాను.

ఫోన్లో మాట్లాడిన మూడోరోజు, శనివారం మధ్యాహ్నం సరుకుల కోసం వెళ్లాను. తుపాను ఎప్పుడో వెళ్లిపోయింది, ఎండ కాస్తోంది. లాట్‌లో తారు నల్లగా ఆరిపోయి ఉంది. ప్లో బండి తోసిన మంచంతా కార్టులు పెట్టే చోటు పక్కన, లాట్ ఎత్తుగా ఉన్న మూలలో, నా తలకంటే ఎత్తున కుప్పపోసి ఉంది. కుప్ప కింద నుంచి రెండు వేళ్ల వెడల్పున నీళ్లు పారుతున్నాయి. వికలాంగుల పార్కింగ్ నీలి గీతల వెనకగా, రెండు వరసల కార్ల మధ్యగా, లాట్ నడిమధ్యనున్న డ్రెయిన్ దాకా. ఎండలో అందంగానే ఉంది. లోపల కబుర్లు చెప్పుకుని, ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా భుజాన వేసుకుని, ఇంకో చేతిలో కరివేపాకు సంచితో బయటికొచ్చేసరికి ఐదున్నర దాటింది. చీకటి పడింది. మధ్యాహ్నం చూసిన నీటి చార గడ్డకట్టి లైటు కింద మెరుస్తోంది. మెరుస్తోందని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు చూడలేదు. ఎడమ మడమ ముందుకు దూసుకుపోయింది. కార్టు పట్టుకుని నిలదొక్కుకున్నాను గానీ బస్తా పోయి తారు మీద పడి పగిలింది. ఇలాంటి ఫైళ్లు చూడ్డమే బతుకుతెరువైన మనిషి పరిస్థితే ఇది!

ఆ రెండు వేళ్ల నీటి చారను కోర్టు ఎలా చూస్తుందో ఆలోచించండి. తుపాను నడుస్తోందా? లేదు, మూడు రోజులైంది. సహజమా? కుప్ప పేర్చింది మనిషి, పేర్చిన చోటు ఎంచుకున్నదీ మనిషే. ఊరంతా జారుడుగా ఉందా? లేదు, ఈ చార తప్ప అంతా పొడే. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే ఈ చక్రం గురించి వాతావరణ నిపుణుడు సాక్ష్యం చెప్పడానికి దగ్గర్లోని విమానాశ్రయం ఉష్ణోగ్రతల రికార్డు చాలు. ఇలినాయ్‌లో కూడా వాది లాయరు ఈ కేసును సంతోషంగా తీసుకుంటాడు. మంచు కుప్పను డ్రెయిన్‌కు దిగువన, పల్లపు మూలలో పెట్టించి ఉంటే ఆ చార పుట్టేదే కాదు. కానీ షాపు ముందు స్థలాలు ఖాళీ కావాలి, ప్లో డ్రైవరు తెల్లవారుజామున 3 గంటలకు దగ్గరున్న మూలకే తోస్తాడు. పల్లం ఎటో అతనికెవరూ చెప్పరు.

పడ్డవాడు గెలవాలంటే ఐస్ ఉందని చూపిస్తే చాలదు. ఓనరుకు అది తెలుసనో, తెలిసి ఉండాల్సినంతసేపు అది అక్కడ ఉందనో చూపించాలి. కేసు గెలుపోటములు చాలావరకు ఇక్కడే తేలతాయి. పావుగంట కిందట గడ్డకట్టిన నీళ్లకు ఎవర్నీ తప్పుపట్టలేరు. కానీ ఆ కుప్ప రోజూ అదే దారిన కారుతుంటే, అది రోజూ తెలిసినట్టే లెక్క. న్యూయార్క్ కోర్టుల్లో వ్యాపారి కేసు కొట్టేయించుకోవాలంటే, ఆ చోటును చివరిసారి ఎప్పుడు చూశారో, ఎప్పుడు శుభ్రం చేశారో చెప్పగలగాలి. “మేం రోజూ చూస్తాం సార్” అంటే సరిపోదు. నా అనుభవంలో ఉప్పు బస్తాల కంటే రెండు డాలర్ల నోటు పుస్తకం ఎక్కువమందిని కాపాడింది. ఏ తారీఖున, ఎన్నింటికి, ఎవరు, ఎక్కడ చల్లారు అన్న నాలుగు ముక్కలు చాలు. ఫోనుతో తీసిన ఫొటోకు టైము దానంతటదే పడుతుంది. సీసీ కెమెరా రికార్డు మాత్రం కొద్ది వారాల్లో చెరిగిపోతుంది. లాయరు నోటీసు వచ్చాక కూడా చెరగనిస్తే, కావాలనే పోగొట్టారని అనుకోవచ్చని జడ్జి జ్యూరీకి చెప్పే వీలుంది.

ఇంకో భయం కూడా వింటుంటాను. ఎవరో పడ్డాక వెంటనే పరిగెత్తి ఉప్పు చల్లితే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని. కాదు. ప్రమాదం తర్వాత చేసిన మరమ్మతును నిర్లక్ష్యానికి రుజువుగా చూపకూడదన్నది ఫెడరల్ సాక్ష్య నిబంధనల్లోని 407వ రూల్. చాలా రాష్ట్రాల్లోనూ అలాంటిదే ఉంది. అందరూ భయపడి ఐస్‌ను అలాగే వదిలేస్తే రెండోవాడూ పడతాడు కదా, అందుకే ఆ రూల్. ముందు ఫొటో తీసి, వెంటనే చల్లేయండి.

సరే, బాధ్యత ఉందనుకుందాం. ఎవరిది? బిల్డింగ్ ఓనరుదా, అద్దెకున్న షాపువాడిదా, ప్లో కాంట్రాక్టరుదా? మనవాళ్లు లీజు కాగితంలో అద్దె చూస్తారు, ఏళ్లు చూస్తారు. ఉమ్మడి స్థలాల నిర్వహణ అన్న పేజీని తిప్పేస్తారు. లాట్ మంచు తీయించే పని ఓనరుదై, ఖర్చు అద్దెదార్ల మీద పడే ఏర్పాటు ఎక్కువచోట్ల ఉంటుంది. షాపు గుమ్మం ముందు నాలుగడుగులు మాత్రం షాపువాడివని రాసి ఉండొచ్చు. మన కుర్రాడి లీజులో అలాగే ఉంది. ఉప్పు చల్లొద్దన్న ఓనరే, గుమ్మం ముందు ఉప్పు చల్లే బాధ్యత అతనిదని సంతకం పెట్టించుకున్నాడు!

కాంట్రాక్టరు సంగతి ఇంకా తమాషా. న్యూయార్క్ అత్యున్నత కోర్టు 2002లో ఓ కేసు తేల్చింది. ఆఫీసు పార్కింగ్‌లో పడిన ఉద్యోగి ప్లో కంపెనీ మీద దావా వేసింది. వాళ్ల ఒప్పందం 3 అంగుళాలు దాటి మంచు పేరుకుంటే తీయడానికి. కంపెనీకి ఒప్పందం ఓనరుతోనే గానీ దారినపోయేవాళ్లతో కాదు కాబట్టి ఆమెకు జవాబుదారీ కాదంది కోర్టు. కంపెనీయే ప్రమాదాన్ని సృష్టించినా, దాని పనిని నమ్ముకుని వాది దెబ్బతిన్నా, లేక స్థలం భద్రతంతా దానికే పూర్తిగా అప్పగించేసినా అప్పుడు మాత్రం బాధ్యత వస్తుంది. కాబట్టి “ప్లోవాడికి డబ్బులిస్తున్నాం, ఇక వాడిదే” అనుకోవడం కుదరదు.

ఆ అంగుళాల లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. చాలా ఒప్పందాల్లో 2 అంగుళాలు పడితేనే బండి వస్తుందని ఉంటుంది. నేలను తాకగానే గడ్డకట్టే వాన ఎంత కురిసినా 2 అంగుళాలు కాదు, లాట్ మొత్తం అద్దమైపోతుంది. కుప్ప కరిగి పారిన నీళ్లకూ అంతే. అంటే అన్నిటికంటే ప్రమాదమైన రాత్రి ఒప్పందం ప్రకారం ఎవ్వరూ రారు. ఉప్పు కోసం వేరే షరతు, ఇన్ని డిగ్రీలకు దిగితే ఇన్ని గంటలకోసారి వచ్చి చూడాలని, రాయించుకోని ఒప్పందానికి సంవత్సరమంతా డబ్బు కట్టడం దండగ.

దీనికి అవతలి వైపూ ఉంది. పెద్ద మాల్ ఓనర్లు చిన్న కాంట్రాక్టర్లతో, ఎవరు పడినా మొత్తం నష్టం నువ్వే భరించాలి అని రాయించుకుంటారు. అదే నోటితో, ఖర్చెక్కువ, మేం చెప్పేదాకా ఉప్పు వేయొద్దు అంటారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. ఇలినాయ్ 2016లో దీన్ని ఆపుతూ చట్టం చేసింది. పని చేయొద్దని ఆపినవాడు, ఆ చేయని పని తాలూకు నష్టాన్ని కాంట్రాక్టరు మీదకి నెట్టే షరతు చెల్లదు. తర్వాత కొలరాడో కూడా అదే బాట పట్టింది.

పడ్డవాళ్ల వైపు నుంచి చెప్పాల్సింది కొంచెమే గానీ, తెలియక నష్టపోయేది ఎక్కువగా అందులోనే. మసాచుసెట్స్‌లో మంచు మీద పడితే 30 రోజుల్లో ఓనరుకు రాతపూర్వకంగా తెలపాలి. కెనడాలో ఒంటారియో 2021 జనవరి 29 నుంచి ప్రైవేటు స్థలాల విషయంలో 60 రోజుల గడువు పెట్టింది. అదే నగరపాలక సంస్థ ఫుట్‌పాత్ మీదైతే అక్కడ 10 రోజులే. బ్రాంప్టన్‌లో కాలు కట్టుతో మంచంలో ఉన్న మనిషికి ఇవెవరు చెబుతారు? వర్జీనియా, మేరీల్యాండ్‌లలో ఇంకో గండం ఉంది. పడ్డవాడి తప్పు కొంచెమున్నా, చెప్పులు సరైనవి కావనో ఫోను చూస్తూ నడిచాడనో తేలినా, పరిహారం మొత్తం పోవచ్చు. న్యూజెర్సీలో తప్పును శాతాల్లో పంచుతారు. మిషిగన్‌లో ఒకప్పుడు “కళ్లముందు కనిపిస్తున్నదాని మీద కాలేశావు” అన్న ఒక్క వాదనతోనే దావాలు కొట్టుకుపోయేవి. దానికి పునాది 2001లో పార్కింగ్ లాట్‌లోని ఒక గుంత మీద వచ్చిన తీర్పు. 2023లో, గ్యాస్ స్టేషన్ దగ్గర మంచు మీద పడిన మహిళ కేసులో మిషిగన్ సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ప్రమాదం కనిపించేదే అయినా ఓనరు కర్తవ్యం ఓనరుకుంటుంది, ఎవరి తప్పెంతన్నది జ్యూరీ తేలుస్తుంది. ట్రాయ్, నోవై వైపు షాపులున్న మన మిత్రులు పాత లెక్క మర్చిపోవాలి. షాపులో పనిచేసేవాళ్లు డ్యూటీలో పడితే అది వేరే ఖాతా, వర్కర్స్ కాంపెన్సేషన్ అనే ఉద్యోగుల బీమా చూసుకుంటుంది, ఎవరి తప్పన్న ప్రశ్నే రాదు. మనిషిని లెక్కల్లో చూపకుండా క్యాష్ మీద పెట్టుకున్నవాళ్లకే అప్పుడు అసలు చలి మొదలవుతుంది.

ఇక ఉప్పు. బండ ఉప్పు నేల ఉష్ణోగ్రత సుమారు 15 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మైనస్ 9 సెల్సియస్ కంటే దిగితే పెద్దగా పనిచేయదు. అంతకు దిగితే కాల్షియం క్లోరైడ్ లాంటివి కావాలి. ఈ సంగతి తెలియక, కరగడం లేదని ఇంకో బస్తా గుమ్మరిస్తారు. దానికి తోడు కేసు భయం. చల్లినదంతా చివరికి నీళ్లలోకే పోతుంది. ఒక్క టీస్పూను ఉప్పు 5 గ్యాలన్ల నీటిని పాడుచేస్తుందని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చెబుతుంది. ఆ నీళ్ల నుంచి ఉప్పును మళ్లీ విడదీసే తేలిక దారి లేదు. న్యూ హాంప్‌షైర్‌లో 93వ నంబరు హైవే వెడల్పు చేసేటప్పుడు చుట్టుపక్కల వాగుల్లో ఉప్పు తాలూకు క్లోరైడ్ పేరుకున్న సంగతి బయటపడింది. అందులో ప్రైవేటు పార్కింగ్ లాట్ల వాటా తక్కువేం కాదు. ఉప్పు తగ్గించండని ప్రభుత్వం అడిగితే, కేసులు పడితే మీరొస్తారా అని కాంట్రాక్టర్లు అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకే 2013లో ఆ రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. ఉప్పు సరిగ్గా వాడే శిక్షణ తీసుకుని, సర్టిఫికెట్ పొంది, వాడిన ఉప్పు లెక్క రాసిపెట్టే కాంట్రాక్టరుకూ, అతన్ని పెట్టుకున్న ఓనరుకూ జారిపడ్డ దావాల నుంచి కొంత రక్షణ ఇస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన చట్టం ఇదే. భయం వల్లే ఉప్పు ఎక్కువవుతోందని గుర్తించి ముందు భయాన్ని తగ్గించింది.

మన కుర్రాడు ఆ వారమే ఓనరుకు ఈమెయిల్ పెట్టాడు, ఫొటో జోడించి. ఉప్పు గురించి వాదించొద్దన్నాను, నీటి చార గురించి మాత్రం రాయమన్నాను. ఇక నీకు తెలియదనడానికి వీల్లేదు అని ఆయనకు మర్యాదగా చెప్పడమన్నమాట. జవాబు రాలేదు. కానీ తర్వాతి తుపానుకు కుప్ప కింది మూలలో, డ్రెయిన్‌కి అవతల పడింది. బిల్లింగ్ కౌంటర్ మీద, కొత్తిమీర ఎవరికెంత బాకీ అని రాసుకునే పుస్తకం చివరి పేజీల్లో ఇప్పుడు ఇంకో లెక్క నడుస్తోంది. మొన్న వెళ్లినప్పుడు తిరగేశాను. ‘పొద్దున 6:10, గుమ్మం ముందు ఉప్పు. సాయంత్రం 5:15, కార్టుల దగ్గర తడి, మళ్లీ ఉప్పు’ అని ఉంది. పగిలిన బియ్యం బస్తాకు మాత్రం డబ్బులు తీసుకోలేదు. నేను ఇన్సూరెన్స్ వాణ్ణనేమో!